తొలి నష్టానికి పూచీ ఎవరిది?

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘పిల్లలకు సొంత వ్యాపారం ప్రారంభించడం నేర్పుట’ అన్న విషయంపై మాట్లాడమని నన్ను ఆదేశించారు. నాకు వ్యాపారానుభవం లేదు. హిందీ నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. ఒకరి సరుకును మరొకరి గుమ్మంలోకి చేర్చడం కూడా ఒక విధమైన వర్తకమే అని ఎవరైనా సరిపెట్టుకొంటే నాకు అభ్యంతరం లేదు. లాభం మాట మాత్రం అడగవద్దని మనవి.

ఈ విషయం గురించి నేను ఆలోచించడానికి ఒక మాట కారణం. విద్యార్థులకోసం హిందీలో వెలువడిన స్వయం ఉపాధి పుస్తకం ఒకటి అనువదిస్తున్నప్పుడు పుటపుటకూ ‘జోఖిమ్’ అన్న మాట ఎదురైనది. జోఖిమ్ లేనిదే వ్యాపారం లేదు, జోఖిమ్ అంటే భయపడరాదు, జోఖిమ్‌ను లెక్కకట్టాలి అంటూ ఆ పుస్తకం పిల్లలకు ధైర్యం చెబుతున్నది. నేను మొదట ‘ముప్పు’ అని వ్రాశాను. అది మరీ పిడుగు పడినట్లున్నది. ‘సాహసం’ అని మార్చాను. అందులో నష్టం వాసనే లేదు. చివరకు ‘నష్టభయం’ అన్నాను. భయపడవద్దు అని చెప్పే వాక్యంలో నేనే భయాన్ని తెచ్చి కూర్చోబెట్టినట్లయినది. నిఘంటువు తిరగవేస్తే తెలిసినది: పాత వాడుకలో జోఖిమ్ అంటే అపాయం మాత్రమే కాదు, చేతిలో ఉన్నందువల్ల అపాయం తెచ్చే సొమ్ము కూడా. ప్రయాణంలో నగానట్రా వెంట ఉంటే ‘దగ్గర జోఖిమ్ ఉన్నది’ అంటారు. సొమ్మూ అదే, ప్రమాదమూ అదే. ఆ సొమ్ము ఎవరిది, అది పోతే ఎవరు భరిస్తారు అన్న ప్రశ్న మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నేను ఇవాళ మాట్లాడదలచినది ఆ ప్రశ్న గురించే.

ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒక పాత కావ్యంలో దొరికినది. అక్బరు కాలంలో జౌన్‌పూర్‌లో ఒక జైన వర్తక కుటుంబంలో పుట్టిన బనారసీదాస్ 1641లో, తన యాభై అయిదవ ఏట, ‘అర్ధకథానక్’ అన్న పేరుతో తన జీవిత కథను పద్యాలలో వ్రాసికొన్నాడు. మనిషికి నూటపది సంవత్సరాల ఆయుర్దాయమని ఆయన లెక్క. అందులో సగం గడిచినది గనుక అది సగం కథ. హిందీ సాహిత్యంలో తొలి ఆత్మకథగా దానిని పరిగణిస్తారు. 1943లో నాథూరామ్ ప్రేమీ పరిష్కరించి ప్రచురించారు. రాజుల చరిత్ర వ్రాసినవారు మనకు చాలామంది ఉన్నారు. తన అప్పులను పద్యాలలో వ్రాసుకొన్న వర్తకుడు ఈయన ఒక్కడే నాకు తెలిసినంతలో.

బనారసీదాస్‌కు పన్నెండేళ్ళ ప్రాయంలో జౌన్‌పూర్ అధికారి రత్న వర్తకులను పట్టి హింసించగా కుటుంబాలన్నీ చెల్లాచెదరైనాయి. తండ్రి ఖరగ్‌సేన్ ఇంటివారిని మరో ఊరిలో ఉంచి తాను అలహాబాదు వెళ్ళాడు. ఇంటి దగ్గర ఉన్న పిల్లవాడు ఊరకుండలేక గవ్వల బేరం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో గవ్వలు చిల్లర డబ్బుగా చెలామణి అయ్యేవి. రోజుకు ఒకటి రెండు టకాలు మిగిలితే తెచ్చి నాయనమ్మ ముందు పెట్టేవాడు. ఆమె ఆ మొదటి సంపాదనతో మిఠాయిలు కొని, ఇంటి దేవత పేరు చెప్పి పంచిపెట్టింది. మన ఇళ్ళలో కూడా తొలి జీతం అందగానే దేవుడి ముందు పెట్టి, ఇరుగుపొరుగువారికి ఏదో ఒకటి పంచడం ఉన్నదే. ఊరు మారినా నాయనమ్మలు మారరు.

అయితే ఆ పిల్లవాడి అసలు పరీక్ష తరువాత వచ్చినది. 1610 ప్రాంతంలో, యువకుడైన తరువాత, తండ్రి కెంపులు, పచ్చలు, నెయ్యి, నూనె, జౌన్‌పూర్ బట్ట అప్పగించి, ఏది ఎంతకు పడినదో కాగితం మీద వ్రాసి ఇచ్చి, ఆగ్రాకు పంపాడు. ఆగ్రాలో నెయ్యి, నూనె ఏదో ధరకు పోయినాయి. బట్టలో నష్టం వచ్చినది. కొన్ని రత్నాలు పైజామా బొందులో కట్టుకొంటే ఎక్కడో జారిపోయినాయి. కొన్ని ఎలుకల పాలైనాయి. ఆపైన జబ్బు. చేతిలో ఉన్న సామాను ఒక్కొక్కటే అమ్ముకొని తిన్నాడు. బజారుకు పోవడం మానేసి, రాత్రుళ్ళు ‘మధుమాలతి’, ‘మృగావతి’ కావ్యాలు చదువుతూ కూర్చొంటే పదిమంది చేరి వినేవారు. వినవచ్చినవారిలో ఒక కచోరీల అంగడివాడు ఉన్నాడు. అతని దగ్గర అప్పు మీద పూటపూటా కచోరీలు తెచ్చుకొని తిన్నాడు. ఒకనాడు చాటుకు పిలిచి, ‘నా దగ్గర ఏమీ లేదు, నాకు అప్పు పెట్టడం నీకు క్షేమం కాదు’ అని ఉన్నమాట చెప్పివేశాడు. నువ్వు తిను, ఇంత అంత అని నిన్నెవరూ అడగరు అని ఆ అంగడివాడు సమాధానం చెప్పాడు.

మిత్రులారా, ఈ కథలో నన్ను ఆకర్షించినది ఆ కుర్రవాడి తెలివి కాదు. అతనికి తెలివి ఉన్నట్లు ఆ ఆగ్రా ఘట్టంలో నాకు కనిపించలేదు. అతని వెనుక ఎన్ని చేతులు ఉన్నాయో చూడండి. సరుకు తండ్రిది. తిండి కచోరీ అంగడివానిది. తరువాత ఒక బంధువు తన ఇంటికి తీసుకుపోయి పెట్టుకొన్నాడు. ఆపైన ఒక మిత్రునితో కలిసి పొత్తు వ్యాపారం చేస్తే, పెట్టుబడి ఆ మిత్రుని కుటుంబానిది. అదీ ముగిసి, రెండేళ్ళ శ్రమకు మిగులు ఏమీ లేక అత్తవారింటికి పోతే, భార్య తాను దాచుకొన్న ఇరవై రూపాయలు చేతిలో పెట్టినది. అంతటితో ఊరుకోక తల్లికి చెబితే, ఆ తల్లి రహస్యంగా రెండువందలు ఇచ్చి అల్లుణ్ణి మళ్ళీ ఆగ్రాకు పంపినది. ఒక్కడి తొలి నష్టాన్ని ఇంతమంది పంచుకొన్నారు. అందువల్ల అతడు మునిగిపోలేదు. మునిగిపోనందువల్ల వ్యాపారం నేర్చుకొన్నాడు.

మన దేశంలో వ్యాపార విద్య శతాబ్దాలపాటు బడిలో జరగలేదు. అది అంగడి అరుగు మీద, కుటుంబంలో, కులంలో సాగినది. తెల్లవారి అంగడి తలుపులు తీయడం, తక్కెడ పట్టడం, చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించడం, ఎవరికి అప్పు ఇవ్వవచ్చునో ముఖం చూచి చెప్పడం తండ్రి వెంట కూర్చొని నేర్చుకొన్నారు. ‘అర్ధకథానక్’లోనే పెద్దలు ఆ కుర్రవాణ్ణి మందలిస్తారు: ఎక్కువ చదువు బ్రాహ్మణులకూ భట్టులకూ తగినది గాని వర్తకుని కొడుకు అంగట్లో కూర్చోవాలని. అంటే చదువు ఒకరికి, బేరం మరొకరికి అని గీత గీసి ఉంచాము. ఆ గీతకు ఆవల ఉన్న కోట్లాది పిల్లలకు రెండూ అందలేదు. ఈనాడు బడిలో వ్యాపారం నేర్పుదామన్న ప్రయత్నానికి అసలు అర్థం ఆ గీతను చెరిపివేయడమే అని నేను అనుకొంటాను. అయితే అరుగు మీది విద్యను బడికి తెచ్చేటప్పుడు చిట్టా, ఆవర్జాలను మాత్రం తెచ్చి, తొలి నష్టాన్ని కాచుకొనే ఆ చేతులను అక్కడే వదిలివేస్తే ఆ విద్య సగమే వచ్చినట్లు.

ఈ చేతుల పని ప్రభుత్వమే చేసిన ఒక ఉదాహరణ ఢిల్లీలో ఉన్నది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2019లో తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి వరకు ఉద్యమితా పాఠ్యక్రమం ప్రవేశపెట్టారు. ‘ఉద్యమి’ అంటే హిందీలో సొంతంగా పరిశ్రమ, వ్యాపారం నడిపేవాడు. మన ఉద్యమకారుడు కాదు. ఈ రెండు మాటల మధ్య నా వంటివారు తరచు జారిపడుతూ ఉంటారు. ఆ పాఠ్యక్రమంలో భాగంగా ఖిచ్డీపూర్‌లోని ఒక పాఠశాలలో కొద్దిమంది విద్యార్థులకు తలకు వెయ్యి రూపాయలు ఇచ్చి చూచారు. తరువాత 2021 సెప్టెంబరులో ‘బిజినెస్ బ్లాస్టర్స్’ అన్న పేరుతో పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులందరికీ విస్తరించి తలకు 2000 రూపాయల చొప్పున పెట్టుబడి ఇచ్చారు. సుమారు మూడు లక్షలమంది పిల్లలు యాభై వేలకు పైగా జట్లుగా ఏర్పడి చిన్న చిన్న వ్యాపారాలు తలపెట్టారు.

ఆ కార్యక్రమం గురించి పొగడ్తలూ విన్నాను, విమర్శలూ విన్నాను. 2025లో ప్రభుత్వం మారిన తరువాత దాని స్థానంలో ‘నీవ్’ అనే పేరుతో మరొక కార్యక్రమాన్ని ప్రకటించారు. నీవ్ అంటే హిందీలో పునాది. పేర్లూ ప్రభుత్వాలూ మారుతూ ఉంటాయి. అది నా విషయం కాదు. నాకు విలువైనదిగా తోచినది ఆ రెండువేలను అప్పుగా ఇవ్వకపోవడం. రోజుకూలి చేసేవాని ఇంట్లో కొడుకు రెండువేలు పోగొట్టుకొంటే ఆ నెల బియ్యం తగ్గుతాయి. ఆపైన ఆ కుర్రవాడు జన్మలో వ్యాపారం పేరెత్తడు. ఆ డబ్బు సర్కారుది అయినప్పుడు, వాడు నష్టపోయి కూడా మర్నాడు బడికి రాగలడు. అయితే నాకు నచ్చనిది కూడా ఒకటి ఉన్నది. టెలివిజన్‌లో కనిపించినవి, మదుపరుల ముందు నిలిచినవి గెలిచిన జట్లు. మిగిలిన వేలాది జట్ల లెక్కల పుస్తకాలు తెరచి, ఎక్కడ పోయినదో తరగతిలో చదివి వినిపిస్తే అంతకంటె గొప్ప పాఠ్యపుస్తకం మనకు దొరకదు. నష్టం చెప్పుకొన్నవానికి ఒక బహుమతి పెట్టవలసినది.

ఇక్కడ చట్టం మాట కొంచెం తెలుసుకోవడం అవసరం. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం పదకొండవ సెక్షను ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మైనరు చేసుకొన్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చినది. ఆ కేసులో తాకట్టు వ్రాసి అప్పు తీసుకొన్నవాడు మైనరు, ఇచ్చినవారు రాబట్టుకోలేకపోయారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ముప్పయ్యవ సెక్షను మరొక మెట్టు ముందుకు పోయి, భాగస్వాములందరూ ఒప్పుకొంటే మైనరును లాభాలలో చేర్చుకోవచ్చునని, సంస్థ అప్పులకు అతనికి వ్యక్తిగత బాధ్యత ఉండదని చెప్పినది. సంస్థలో అతని వాటా మేరకే పోతుంది. ఇల్లూ వాకిలీ జోలికి రారు. పిల్లవాడు వ్యాపారం చూడవచ్చు, లాభంలో పాలు పొందవచ్చు, నష్టం మాత్రం అతన్ని ముంచరాదన్నమాట. ఆ నాయనమ్మ, ఆ అత్తగారు గ్రహించిన నీతినే చట్టం తన భాషలో వ్రాసినది. పదేళ్ళు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకొనడానికి బ్యాంకులు అనుమతించవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పినది. మీ తరగతిలో పిల్లల ఉమ్మడి డబ్బును మీ జేబులో కాక అటువంటి ఖాతాలో ఉంచడం మంచిది. మీకూ మంచిది.

పిల్లల చేత పని చేయించి సంపాదించడం అనగానే గుర్తుకు వచ్చేది 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ. చేతిపని మూలంగా చదువు, ఆ పనిలో తయారైన వస్తువుల మూలంగా బడి ఖర్చు అన్న గాంధీజీ ఆలోచన అక్కడ చర్చకు వచ్చినది. డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక వ్రాస్తూనే ఒక హెచ్చరిక కూడా చేసినది: ఆదాయం మీద దృష్టి పెరిగితే చదువు వెనుకబడే ప్రమాదం ఉన్నదని. ప్రొఫెసర్ కె.టి. షా ఆ సభలోనే మరొక సందేహం లేవదీశారు. బడికి స్థలం, సామాను, శ్రమ ఉచితంగా వస్తాయి. అటువంటి బడి తయారుచేసిన సరుకు బజారులో పడితే దానితో పోటీపడవలసిన పేద చేతిపనివాని గతి ఏమిటి? ఇంతకాలం తరువాత కూడా ఆ ప్రశ్న బడి గేటు దగ్గర నిలబడి ఉన్నది. మన పిల్లలు పాఠం కోసం లోపల జామకాయలు అమ్మితే, బయట బుట్ట పెట్టుకొని జామకాయలు అమ్మే ముసలామె బేరం పోతుంది. ఆమెను లోపలికి పిలిచి, తెల్లవారుజామున ఎక్కడ కొంటుందో, వాడిపోయిన కాయను ఏమి చేస్తుందో పిల్లలకు చెప్పమంటే అది పాఠం. ఆ గంటకు ఆమెకు ఏదైనా ఇవ్వడం మరవకండి.

ఒక బడి సంబరంలో నేను చూచిన సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు పల్లీ చిక్కీల దుకాణం పెట్టారు. రెండు కిలోల పల్లీలకు 300, కిలో బెల్లానికి 60, మొత్తం 360 రూపాయల పెట్టుబడి. అరవై ముక్కలు పది రూపాయల చొప్పున అమ్మి 600 వసూలు చేశారు. ‘లాభం 240’ అని పలక మీద పెద్ద అక్షరాలతో వ్రాసి, తప్పెట కొట్టినంత సంతోషంగా నిలబడ్డారు. వారి లెక్కల ఉపాధ్యాయురాలు నవ్వుతూ వచ్చి అడిగారు: ‘చుట్టిన కాగితం ఎంత అమ్మా?’ ముప్పై. ‘గ్యాసు?’ ఆ పిల్లలు ముఖాలు చూసుకొని ముప్పై అన్నారు. ‘పల్లీలు వేయించినది, పాకం పట్టినది ఎవరు?’ ‘మా అమ్మ, మూడు గంటలు కూర్చున్నది’ అన్నది ఒక పిల్ల. గంటకు అరవై కట్టమన్నారు ఆమె. నూట ఎనభై. మొత్తం రెండువందల నలభై. పలక మీది లాభం సున్న అయినది.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ‘అమ్మకు కూడా కూలి కట్టాలా టీచర్?’ అని అడిగింది. ఆ ఉపాధ్యాయురాలు వెంటనే సమాధానం చెప్పలేదు. కాసేపాగి, ‘ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇంటి సంగతి, వ్రాయడం మాత్రం వ్రాయాలి’ అన్నారు. నా మట్టుకు నాకు ఆ రోజు సంబరంలో అంతకు మించిన పాఠం కనిపించలేదు. మన దేశంలో ఎన్నో ‘లాభాలు’ ఇంటి ఆడవారి శ్రమను పద్దులో వ్రాయకపోవడం వల్ల లాభాలుగా నిలిచినవే. ఆ పిల్లల తదుపరి ఆలోచన ఇంకా ముచ్చటైనది. ధర పన్నెండు చేద్దామని ఒకరు, ముక్క చిన్నది చేద్దామని మరొకరు, పాకం మనమే పట్టడం నేర్చుకొందామని మూడవ పిల్ల వాదించుకొంటూ వెళ్ళారు. సున్న వచ్చిన తరువాతనే వ్యాపారం మొదలైనది.

ఇంకొక రకం పిల్లలు మీ తరగతిలో ఉంటారు. వెనుక వరుసలో కూర్చొని మధ్యాహ్నానికి నిద్రపోయే కుర్రవాడు తెల్లవారుజామున తండ్రితో కూరగాయల తోపుడుబండి తోసి వచ్చి ఉండవచ్చు. పొద్దున ఇరవైకి అమ్మిన టమాటాను సాయంత్రం పదికి ఎందుకు ఇవ్వాలో వానికి ఎవరూ చెప్పనక్కరలేదు. వానికి వ్యాపారం నేర్పుతామని మనం పోవడం హాస్యాస్పదం. వాని చేత తరగతికి చెప్పించడం ఉచితం. కాని వాని చేతిలో ఉన్నది అనుభవం మాత్రమే అని మురిసిపోరాదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ళలోపు పిల్లల చేత ఏ పనీ చేయించరాదన్నారు. బడి వేళల తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని సొంత కుటుంబపు పనిలో సాయపడడానికి మాత్రం మినహాయింపు ఉన్నది. ఆ మినహాయింపు సందులోనుంచి ఎన్నో బాల్యాలు జారిపోతున్నవి. పిల్లవానికి వ్యాపారం నేర్పడం వేరు, పిల్లవాని మీద ఇల్లు నడపడం వేరు. మొదటిదానిలో వాడు ఓడిపోవచ్చు. రెండవదానిలో ఒక్క రోజు కూడా ఓడిపోయే వీలు లేదు. ఒక పని పాఠమా, చాకిరీయా అన్న అనుమానం వచ్చినప్పుడు నేను ఇదే చూస్తాను.

అటువంటి పిల్లలు కూడా తమ సొమ్మును తామే కాచుకోగలరని నిరూపించిన ప్రయత్నం ఒకటి ఉన్నది. బటర్‌ఫ్లైస్ అనే స్వచ్ఛంద సంస్థ 2001లో ఢిల్లీలో వీధులలో బ్రతికే, పనిచేసుకొనే పిల్లల కోసం ఒక బ్యాంకును ప్రారంభించినది. తరువాత దానికి చిల్డ్రన్స్ డెవలప్‌మెంట్ ఖజానా అన్న పేరు స్థిరపడినది. దాచుకొనేవారు పిల్లలు, పద్దులు వ్రాసేవారు పిల్లలు, ఆ పద్దులు వ్రాసేవారిని ఎన్నుకొనేవారు కూడా పిల్లలే. పెద్ద పిల్లలకు చిన్న వ్యాపారానికి అడ్వాన్సు ఇవ్వాలా వద్దా అన్నది తోటి పిల్లల సంఘం కూర్చొని విచారిస్తుంది. ఈ పద్ధతి నేపాలుకు, బంగ్లాదేశ్‌కు, శ్రీలంకకు, ఆఫ్ఘనిస్తాన్‌కు కూడా వ్యాపించినది. రాత్రి జేబులో డబ్బు ఉంటే ఎవరైనా లాక్కొంటారన్న భయంతో సంపాదన అంతా ఆ పూటకే ఖర్చుచేసే పిల్లవానికి, రేపటికి దాచవచ్చునన్న ఊహ కలగడమే పెద్ద మార్పు. వాని జేబులోని ఆ డబ్బే అసలైన జోఖిమ్ అని నా పాత నిఘంటువు గుర్తుచేసినది.

వృత్తిరీత్యా ఒక చిన్న ముచ్చట చెప్పుకోనివ్వండి. లెక్కల పుస్తకం తెరిస్తే భాషల ఎల్లలు కనిపించవు. జమ, ఖర్చు, ఖాతా, బాకీ, నగదు, రసీదు ఉత్తరాదివారివీ మనవీ ఒక్కటే. పొద్దున తొలి బేరాన్ని మనం బోణీ అంటాము. హిందీవారు బోహనీ అంటారు, కన్నడిగులకు అది బోణి, తమిళులకు పోణి. బోణీ బేరానికి అప్పు ఇవ్వకూడదన్న పట్టింపు కూడా ఊరూరా ఉన్నది. అందుచేత మీ బడిలో పిల్లలు వ్రాసిన లెక్కల పుస్తకం వేరే రాష్ట్రపు బడికి పంపితే, వాక్యాలు అర్థం కాకపోయినా పద్దులు అర్థమవుతాయి. వారి పుస్తకం మీరు తెప్పించుకోండి. ఏ ఊరి పిల్లలు ఎక్కడ నష్టపోయారో ఒకరికొకరు చూసుకోవచ్చు.

వయ్యారి మాటలు చాలించి బనారసీదాస్ దగ్గరకు తిరిగి వస్తాను, అతణ్ణి ఆగ్రాలో అప్పుమీద వదిలివేశాము గనుక. ఆరేడు నెలలపాటు తిన్న కచోరీల లెక్క తేలలేదు. పొత్తు వ్యాపారంలో నాలుగు డబ్బులు చేతిలో ఆడిన తరువాత అతడు ఆ అంగడికి వెళ్ళి లెక్క చూడమన్నాడు. పద్నాలుగు రూపాయలు అయినది. చెల్లించివేశాడు. ముప్పై ఏళ్ళ తరువాత తన జీవిత కథ వ్రాస్తూ, ఆ పద్నాలుగు రూపాయల పద్దును కూడా మరచిపోకుండా పద్యంలో వ్రాసి పెట్టాడు.